సున్నం పాఠం పరీక్షలో రాదు

కుదురుగా కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. మా పాలిటెక్నిక్‌లో స్టాఫ్ మీటింగు జరుగుతుంటే నేను కిటికీ దగ్గర నిలబడి వింటాను. బల్ల మీద గోళ్ళతో కొడుతుంటే పక్కవాళ్ళు మర్యాదగా నా చెయ్యి పట్టుకున్న రోజులున్నాయి. అలాంటి నన్ను పోయిన ఏడు తీసుకుపోయి లైబ్రరీలో పాత పుస్తకాల గుట్ట ముందు కూర్చోబెట్టారు.

తనిఖీకి పెద్దలు వస్తున్నారు. పదేళ్ళుగా ఎవరూ ముట్టని పుస్తకాలు తీసేసి, ఆ గదిలో కంప్యూటర్లు పెట్టాలి. సివిల్ పుస్తకాల్లో ఏవి ఉండాలో ఏవి పోవాలో తేల్చే పని నా నెత్తిన పడింది. పోవలసిన ప్రతి పుస్తకం మొదటి పేజీ మీద ‘తొలగించబడినది’ అన్న ముద్ర కొట్టి, కింద సంతకం పెట్టాలి. మా లైబ్రేరియన్ రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, కర్నూలు పాతబస్తీ ఆయన. ముద్రా, ఇంకు డబ్బీ నా ముందు పెట్టి, “ఫికరు చేయొద్దు మేడమ్, మూడు రోజుల పని” అన్నాడు. ఒక్క రోజులో అవగొడతానని గొప్పగా చెప్పాను.

చాలావరకు తెల్లదొరల కాలం నాటి పుస్తకాలు. గుడ్డ అట్టలు, వెన్ను మీద వెలిసిపోయిన బంగారు అక్షరాలు. తెరిస్తే పేజీలు అప్పడాల్లా విరుగుతున్నాయి. బాయిలరు పేలకుండా చూసుకోవడం ఎలాగో ఒకదాంట్లో ఉంది. జత ఎద్దులు పొద్దు వాలేలోపు ఎంత నీళ్ళు తోడగలవో ఇంకొకదాంట్లో లెక్కగట్టారు. బావి తవ్వేటప్పుడు ఒర గోడ కూలకుండా లోపలికి దించడానికి ఒకాయన ఏకంగా నలభై పేజీలు ఖర్చుపెట్టాడు. ఒక లాగరిథమ్ పుస్తకంలో మొదటి నుంచి చివరిదాకా అంకెలే, చదువుకోవడానికి ఒక్క మాట లేదు. అయినా ఎవరో మహానుభావుడు పెన్సిలుతో ఒక అంకె కొట్టేసి, పక్కన సరైనది రాసి, కింద గీత గీశాడు. ఆ తప్పు పట్టుకోవడానికి ఎంతసేపు కూర్చుని ఉంటాడో తలుచుకుంటేనే నాకు నడుం నొప్పి పుట్టింది.

ఆ బొమ్మల సంగతి మాత్రం ఒప్పుకోవాలి. కాలువల పుస్తకం ఒకటి తీస్తే లోపలి నుంచి మడతపెట్టిన పటం జారింది. విప్పుతూ పోతే బల్ల చాల్లేదు. తూము కట్టడంలో ఒక్కొక్క రాయికీ విడిగా నీడ వేశాడు గీసినవాడు. మా పిల్లలకు ఇప్పుడు కంప్యూటరులో ఒక మీట నొక్కితే గోడంతా రాయి నిండిపోతుంది. ఆ పటం చూస్తే నాకు ముచ్చట వేయలేదు, కోపం వచ్చింది. ఇంత తీరిక వీళ్ళకు ఎక్కడిదని.

అడుగులూ పౌన్లూ లాంటి పాత కొలతలున్న పుస్తకం కనబడితే దండం పెట్టి పక్కన పెట్టేయండని క్లాసులో చెప్పేదాన్ని నేనే. కాబట్టి పని చకచకా సాగింది. తెరవడం, ముద్ర కొట్టడం, సంతకం, పక్కకు తొయ్యడం. మధ్యాహ్నానికి నా చేతులు, చీర కొంగు, ముక్కు అన్నీ ఒకే మట్టిరంగులోకి వచ్చాయి. మధ్యమధ్యలో లేచి వరండాలో నాలుగడుగులు వేసి వచ్చేదాన్ని.

ఆ తిరుగుడుకు ఇంకో కారణం కూడా ఉంది. ఆ వారమే మా ఊరి పాస్టరయ్య ఫోన్ చేశాడు. మాది మైదుకూరు దగ్గర చిన్న పల్లె. కూలికిపోయే కుటుంబాలు, ఎకరా రెండెకరాల వాళ్ళు కలిసి మా తాతల కాలంలో కట్టుకున్న మందిరం ఒకటుంది. రాళ్ళు మట్టితో పేర్చి, పైన సున్నం పూసిన కట్టడం. దాన్ని కొట్టేసి కొత్తది కట్టాలని సంఘ పెద్దలు తీర్మానించారు. “గోడలు పనికిరావని నువ్వొక లెటరు రాసియ్యమ్మా. ఇంజినీరు సంతకం ఉంటే శానా సులువు” అన్నాడు. సరేనన్నాను. కానీ ఆ ‘సరే’ గొంతు దాటిన దగ్గర నుంచీ లోపల ఏదో గీరుతూనే ఉంది.

ఎందుకంటే ఆ గోడలు పాడైన సంగతిలో మా చిన్నాయన ఉన్నాడు.

చిన్నాయన మా నాన్నకు తమ్ముడు. బేల్దారి, తాపీ మేస్త్రి. చుట్టుపక్కల ఊళ్ళలో సున్నం పని అంటే ఆయన్నే పిలిచేవాళ్ళు. ఏటా క్రిస్మసుకు నెల ముందు మందిరం గోడలకు పూత వేయడం మా సంఘంలో అందరి పని. ఆడవాళ్ళు పాత పొరలు గీకి ఊడ్చేవాళ్ళు, మగవాళ్ళు సున్నం నానబెట్టి కలిపేవాళ్ళు, చిన్నాయన రాలిన చోటల్లా మెత్తి పూసేవాడు. ఏటా రాలేది, ఏటా పూసేవాళ్ళు. ఆ నెలంతా మా ఊరి ఆడవాళ్ళ చేతులు పగిలి ఉండేవి. మా అమ్మ చేతులు కూడా.

మావాళ్ళలో ఇంజినీరింగు చదివిన మొదటి మనిషిని నేను. ఉద్యోగం వచ్చాక నాకు తోచిన మొదటి ఘనకార్యం ఈ ఏటేటా పూత బాధ తప్పించడం. సిమెంటు పూత వేయించండి, మీ జన్మంతా చూసుకోనక్కర్లేదన్నాను. పెద్దలు చప్పట్లు కొట్టారు. చిన్నాయన ఒక్కడే గోడ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

“ఇది చౌడు నేల గదా పాపా. కిందనుంచి చెమ్మ ఎక్కుతాంటాది. సిమెంటేస్తే గోడకు ఊపిరాడదేమో.”

“గోడకు ఊపిరేంది చిన్నాయనా!” అని నేను నవ్వాను. నేను నవ్వితే అందరూ నవ్వారు. చివరికి ఆయన కూడా నవ్వాడు. ఆ ఎండాకాలమే ఆయన చేత్తోనే పూత పడింది.

రెండు క్రిస్మసులు గోడలు అద్దంలా మెరిశాయి. మూడో ఏడు వానలకు ఉబ్బడం మొదలయ్యింది. తెల్లగా ఉప్పు పూసింది. ఒక ఆదివారం ఆరాధన మధ్యలో తలుపంత పెచ్చు ఊడి హార్మోనియం మీద పడింది. దేవుని దయవల్ల ఎవరికీ తగల్లేదు. కానీ పెచ్చు వెనక రాళ్ళ మధ్య మట్టి పిండిలా రాలిపోయి ఉంది. పెద్దలు నాకు ఫోన్ చేసి ఎందుకిట్లయిందని అడిగారు. నేను ఆదివారం పెట్టిన స్పెషల్ క్లాసుకు పరిగెత్తుతూ మెట్ల మీద ఉన్నాను. “పూత వేశాక సరిగ్గా నీళ్ళు పట్టి ఉండరు, అందుకే” అని చెప్పి పెట్టేశాను.

ఇంజినీరమ్మ మాట కదా. అప్పటి నుంచి చిన్నాయనను ఎవరూ పనికి పిలవలేదు. నీళ్ళు కూడా పట్టకుండా దేవుని గోడను పాడుచేసినవాడని పేరు పడింది. ఆయన తాపీ పక్కన పెట్టి మేకలు కొనుక్కున్నాడు. నేను పండగకు పోయినప్పుడల్లా, వయసు మీద పడింది కదా, మేకలే సుఖంలే అనుకున్నాను. అట్లా అనుకోవడం నాకు హాయిగా ఉండేది.

ఇక ఆ మధ్యాహ్నం సంగతి. ముద్ర కొట్టబోతూ తెరిచిన పుస్తకం ఓవర్సీర్ల కోసం రాసిన చేతిపుస్తకం. జేబులో పట్టేంత చిన్నది. పని జరిగే చోట గుర్రం మీద తిరిగే చిన్న ఉద్యోగికి ఏం కావాలో అంతవరకే ఉంది. ముద్ర పడాల్సిన పేజీకి చెదలు పట్టి పక్క పేజీకి అతుక్కుంది. విడదీయబోతే పుస్తకం మధ్యలో తెరుచుకుంది. అక్కడ గోడను అడ్డంగా కోసినట్టు ఒక బొమ్మ. నేల నుంచి పైకి ఎక్కుతున్న చెమ్మను సన్నటి బాణం గీతలతో చూపించాడు. బాణాలు సున్నపు పూతలోంచి బయటికి పోతున్నాయి. పక్క బొమ్మలో పూత గట్టిది. బాణాలు దాన్ని తాకి వెనక్కి తిరిగి గోడలోకే పోతున్నాయి.

కింద పేరా నిలబడే చదివాను. చౌడు నేలల్లో మెత్తటి గోడకు గట్టి పూత వేయకూడదు. పూత ఎప్పుడూ గోడకన్నా మెత్తగా ఉండాలి. ఉప్పు, చెమ్మ పూతలోకి వచ్చి పూతనే రాల్చాలి, ఏటా దాన్ని మళ్ళీ వేసుకోవాలి. పూత గట్టిదైతే అది నిలుస్తుంది, లోపల గోడ పోతుంది. సారాంశం అంతే. గోడకు ఊపిరి ఆడాలని ఆ దొర రాయలేదు గానీ, చెప్పింది అదే.

నేను బిల్డింగ్ మెటీరియల్స్ పాఠం పద్దెనిమిదేళ్ళుగా చెబుతున్నాను. సున్నం అధ్యాయం వచ్చినప్పుడల్లా, ఇది పరీక్షలో రాదు, వదిలేయండి అంటాను. నేను చదువుకున్నప్పుడు మా సారు కూడా అదే అన్నాడు.

ఆ పుస్తకం మీద ముద్ర కొట్టలేకపోయాను. సంచిలో వేసుకుని లేచాను. లైబ్రేరియన్ కళ్ళద్దాల పైనుంచి చూశాడు. “మేడమ్, ఏదో తీసుకుపోతాండారు. రిజిస్టరులో రాసి పోండి. నేనుండంగా ఈ పుస్తకం అడిగిన మనిషి మీరే ఫస్టు” అన్నాడు. రాశాను. సంతకం వంకర పోయింది.

ఇంటికి పోయినా నిలకడ లేదు. కుక్కరు ఎన్ని విజిళ్ళు వేసిందో లెక్క తప్పాను. బట్టలు మడతపెట్టి మళ్ళీ విప్పాను. చిన్నాయనకు ఫోన్ చేద్దామని మూడుసార్లు నంబరు తీసి మూడుసార్లూ పెట్టేశాను. ఏమని చెప్పాలి? అసలు భయం ఏమిటంటే ఆ గోడలు. వాటిని పడగొట్టేస్తే తప్పు ఎవరిదో చూపించడానికి ఇంకేమీ మిగలదు. చిన్నాయన మీద పడిన మాట ఆయనతోపాటే మట్టిలోకి పోతుంది. పడగొట్టమని రాయాల్సింది కూడా నేనే.

ఆదివారం తెల్లవారుజామున కర్నూలులో మొదటి బస్సెక్కాను. నంద్యాలలో దిగి టీ తాగి, ఆ బస్సు ఎక్కకుండా ఇంకో బస్సు ఎక్కాను, అది రెండు నిమిషాలు ముందు కదులుతుందని. ఆళ్ళగడ్డ దాటేదాకా పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఆ పేజీకి వేలు అడ్డం పెట్టే ఉంచాను. మైదుకూరులో దిగి ఆటో పట్టుకుని, చిన్నాయన ఇంటికి కాకుండా నేరుగా మందిరానికే పోయాను. ఒక్క మనిషి ఎదుట నిలబడటం కన్నా నూరుమంది ముందు నిలబడటం నాకు తేలిక. అది ధైర్యం అని ఎవరూ పొరబడవద్దు.

మా ఆరాధనలో పాటల తర్వాత సాక్ష్యాల సమయం ఉంటుంది. ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పుకోవచ్చు. ఒకామె జ్వరం తగ్గిందని చెప్పింది, అందరూ స్తోత్రం అన్నారు. ఒకాయన బోరులో నీళ్ళు పడ్డాయన్నాడు, ఇంకా గట్టిగా స్తోత్రం అన్నారు. నేను లేచాను. చిన్నాయన ఎప్పటిలాగే చివర, తలుపు పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒకప్పుడు ఆయన చోటు ముందు వరస.

పుస్తకం తెరిచి ఆ పేరా తెలుగులో చెప్పాను. సిమెంటు వేయమన్నది నేనేనని, గోడలు పోయింది నా మాట వల్లనని, నీళ్ళు పట్టలేదని నేను తెలియకుండా అన్నానని చెప్పాను. చివరలో కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. క్షమించండి అని కూర్చున్నాను.

“దేవునికి స్తోత్రం!” అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

పాస్టరయ్య కళ్ళు తుడుచుకుని, “చూడండి, అంత చదువు చదివినా మన బిడ్డకు ఎంత తగ్గింపు మనసో. వాళ్ళ చిన్నాయన మీద పడిన నింద తన మీద వేసుకుంటాండాది. ఇది గదా ప్రేమంటే” అన్నాడు. మళ్ళీ స్తోత్రం. వెంటనే కానుకల పాట అందుకున్నారు. నా పక్కనున్న పెద్దామె నా వీపు నిమిరి, “ఏడవాకమ్మా, ముసలాయప్పను మేము ఎప్పుడో క్షమించినాములే” అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. మావాళ్ళకు సాక్ష్యం అంటే చివర్లో స్తోత్రం చెప్పాల్సిన మాట. లోపల ఏముందో వినేది కాదు. చిన్నప్పటి నుంచీ చూస్తూ కూడా ఆ వేళనే ఎంచుకున్నందుకు నా మీదే నాకు అసహ్యం వేసింది.

ఆరాధన అయ్యాక పెద్దలు లోపల చాప మీద కూర్చున్నారు. నా లెటరు కోసమే. నేను బయటికి పోయాను. చిన్నాయన మందిరం నీడలో నిలబడి మేకల వైపు చూస్తున్నాడు. పోయి ఎదురుగా నిలబడ్డాను. ఏం మొదలుపెట్టాలో తెలియక పుస్తకం చూపించాను.

“దీంట్లో ఉంది చిన్నాయనా. నువ్వు చెప్పిందే ఉంది.”

ఆయన పుస్తకం ముట్టుకోలేదు. బొమ్మ మాత్రం వంగి చాలాసేపు చూశాడు. బాణాల వెంట వేలు గాలిలోనే నడిపించాడు.

“బాగా గీసినాడు” అన్నాడు. తర్వాత, “నేను చెప్తే నవ్వితివి. ఇది చెప్తే బస్సెక్కి వస్తివి” అన్నాడు.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు సులువయ్యేది.

“ఈ దొరకు ఎవరు చెప్పినారంట?” అని అడిగాడు.

అదేం ప్రశ్న అనుకుంటూ పేరా మొదటి నుంచి చూశాను. లోపల చదివి వినిపించేటప్పుడు తొందరలో నేను వదిలేసిన మొదటి వాక్యం అక్కడుంది. ఈ జిల్లాల బేల్దారులు చెప్పేదేమంటే, అని మొదలుపెట్టాడు రాసినాయన. అదే చదివి చెప్పాను.

“పేర్లు రాసినాడా?”

“లేదు చిన్నాయనా.”

“రాయరులే” అన్నాడు, మేకలు రోడ్డెక్కుతుంటే అదిలించడానికి రెండడుగులు వేస్తూ.

నేను లోపలికి పోయాను. నిజం చెప్పాలంటే పరిగెత్తాను. కాగితం అడిగి అక్కడే నిలబడి లెటరు రాశాను. ఈ గోడలకు సిమెంటు పూత నా ఆదేశం మీద వేయబడింది. పని చేసిన బేల్దారి ఫలానా, తండ్రి పేరు ఫలానా, ఇది పనికిరాదని ముందే చెప్పాడు. నేను వినలేదు. పనిలో ఏ లోపమూ లేదు. పైపూత కొట్టేసి, పోయిన చోట్ల రాయి పేర్చి, ఆయన చెప్పినట్టు సున్నం వేస్తే కట్టడం నిలుస్తుందని నా అభిప్రాయం. కింద సంతకం, హోదా, తేదీ. పాస్టరయ్య చేతిలో పెట్టి, “ఇది సాక్ష్యం కాదయ్యగారూ, లెటరు. గట్టిగా చదవండి” అన్నాను.

చదివాడు. సగంలో ఆయన గొంతు తగ్గింది. లెటరుకు స్తోత్రం చెప్పాలో వద్దో ఎవరికీ తెలియలేదు. బయటికి పోబోతున్న ఆడవాళ్ళు కూడా గడప దగ్గర ఆగిపోయారు. చిన్నాయన వాళ్ళ వెనక నిలబడి ఉన్నాడు.

పెద్దల్లో ఒకాయన ఆయన వైపు తిరిగి, “ఏమప్పా, మరి నీ తప్పు లేదని ఆ పొద్దే మాకు ఎందుకు చెప్పల్యా?” అన్నాడు. కొంచెం నిష్టూరంగానే.

“చెప్పినానప్పా” అన్నాడు చిన్నాయన. “పెచ్చు పడిన పొద్దే, ఆ హార్మోనీ కాడ నిలబడే చెప్తి. నేనూ నా పెండ్లామూ ఇరవై ఒక్క దినం బిందెలతో మోసి గోడ తడిపినామంటి. తప్పు నీళ్ళది కాదంటి. ఉండు, ఇంజినీరమ్మను అడుగుదామని మీరే ఫోన్ చేస్తిరి గదా.”

చిన్నాయన నా వైపు చూడకుండానే ఇంకో మాట అన్నాడు.

“అందరూ వినాలని స్పీకర్లో పెడితిరి. పాప చెప్పింది నేనూ వింటి.”

ఇన్నేళ్ళుగా ఆ సంగతి నాకు తెలియదు. మెట్ల మీద నుంచి నేను ఆయన మొహం మీదే ఆ మాట అన్నాను. ఆ తర్వాత నేను పండగలకు పోయినప్పుడల్లా ఆయన నాకు మేకపాలు పంపాడు, కర్నూలులో నీళ్ళు బాగుండాయా పాపా అని అడిగాడు. కూర్చోవాలనిపించింది. చాప మీద పెద్దల మధ్యనే కూలబడ్డాను. చాలాసేపు లేవలేదు.